గరువు పంట, గెడ్డ నీరు, రెండు రూపాయల బియ్యం

బరువు తగ్గాలంటే అన్నం మానేయాలా అన్న ప్రశ్న వినపడని తెలుగు ఊరు ఇవాళ లేదు. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి ఫోన్లలో వీడియోలుగా పల్లెపల్లెకీ వెళ్ళింది. అన్నం, రొట్టె, పంచదార ఆపేసి, కొబ్బరినూనె వంటి కొవ్వులు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ మాత్రలతో నడిచే పద్ధతి అది. అంతకు చాలా ముందునుంచీ మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే లేని వంట చెబుతున్నారు. ఖాదర్ వలీ కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికలు తినమంటున్నారు. ఒకరు నూనె తాగమంటే ఇంకొకరు నూనె ముట్టొద్దంటారు. అయినా తెల్లన్నం తగ్గించాలన్న దగ్గర ముగ్గురూ కలుస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం ఒప్పుకోరు. తాతముత్తాతల నుంచీ అన్నం తిన్న వంశం మనది, వాళ్ళకు లేని షుగరు మనకెందుకు వచ్చింది అంటారు. నా వాదన ఈ రెండు పక్షాలతోనూ ఉంది. మూడు పూటలా వరన్నం అన్నది ఉత్తరాంధ్ర మెట్టపల్లెల్లో తాతముత్తాతల అలవాటు కాదు. అది ఇరవయ్యో శతాబ్దంలో, ముఖ్యంగా దాని చివరి భాగంలో, నీరూ మిల్లూ రేషనూ కలిసి పెట్టిన తిండి. అంతకు ముందున్న తిండి కూడా ఇవాళ్టి వాళ్ళు చెప్పే ‘లో కార్బ్’ కాదు. ఈ రెండు సంగతులూ తేటపడితేనే ఏం తినాలి, ఎంత తినాలి అన్న ప్రశ్నలకు సరైన జవాబు దొరుకుతుంది.

ఇందుకు కె.కోటపాడు ప్రాంతం మంచి ఉదాహరణ. ఒకప్పటి చోడవరం తాలూకా పల్లెసీమ ఇది. శాసనసభకు మాడుగుల నియోజకవర్గం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక విశాఖపట్నం నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. పడమట తూర్పుకనుమలు, వాటినుంచి దిగివచ్చే గెడ్డలు, శారదానది, మధ్యలో చెరువుల కింద కొద్దిపాటి పల్లపు మళ్ళు, మిగిలినదంతా గరువు, అంటే వానమీద ఆధారపడ్డ మెట్టనేల. ఇక్కడి తిండిని గోదావరి డెల్టా తిండితో కలిపి ఆలోచించడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి, బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయ్యాక ఆ రెండు డెల్టాల్లో వరి విస్తారంగా పండింది. తెలుగు సినిమాలోనూ కథల్లోనూ కనిపించే అరటాకు మీది పొగలుగక్కే అన్నం ఎక్కువగా ఆ కాలవల కింది జీవితం. చోడవరం తాలూకాకు అలాంటి కాలవ లేదు. వాన పడితే చెరువు నిండాలి, చెరువు నిండితే మడి తడవాలి. ఆ మడిలో పండిన ధాన్యంలోనూ శిస్తుకు, అప్పుకు, అమ్మకానికి పోయిన తరవాతే ఇంటికి మిగిలేది. వరి పండించిన ఇంట్లోనే వరన్నం రోజూ ఉడకని కాలం అది. గరువుల్లో పండే చోళ్ళు (రాగులు), గంటెలు (సజ్జలు), సామలు మాత్రం ఇంటికే. మెట్టసీమల్లో ఈ తేడా ఎంత పాతదో తెలియాలంటే పలనాటి జొన్నకూడు మీద శ్రీనాథుడి పేరున ప్రచారంలో ఉన్న చాటుపద్యాలు గుర్తు చేసుకుంటే చాలు. పదిహేనో శతాబ్దం నాటికే సన్నబియ్యం అన్నం గొప్పింటి గుర్తు.

ఆ రోజువారీ తిండి ఎలా తయారయ్యేదో కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే వాదనకు కావలసిన ఆధారం ఆ కుండలోనే ఉంది. చోళ్ళు తిరగలిలో విసిరి, ఆ పిండిని రాత్రి నీళ్ళలో కలిపి పులియబెడతారు. పొద్దున్న ఎసట్లో గుప్పెడు నూకలు వేసి, అవి మెత్తబడ్డాక పులిసిన పిండి పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో కలుపుతూ పచ్చివాసన పోయేదాకా ఉడికిస్తారు. దింపి చల్లారబెట్టి కుండలో ఉంచితే మర్నాటికి ఇంకాస్త పులుస్తుంది. అప్పుడు నీళ్ళో మజ్జిగో పోసి పలచన చేసి, ఉప్పు వేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఎండుచేప ముక్క, ఊరగాయ, ఏది ఉంటే దానితో తాగుతారు. చోడంబలి అంటే ఇదే. గంటెలు దంచి వండితే గంటన్నం. సంక్రాంతి ముందూ తరవాతా కొత్త ఉలవలు వస్తే ఉలవగుగ్గిళ్ళు, ఉలవచారు. పొలంలో చోడికో గంటికో తోడుగా కందిసాళ్ళు వేసేవారు, ఆఖరి తడి మీద ఉలవలు చల్లేవారు. అందుకే గింజతోపాటు ఎంతో కొంత పప్పు అదే నేలనుంచి ఇంటికొచ్చేది. లోటాడు అంబలిలో నీళ్ళు ఎక్కువ, పిండి తక్కువ. పొట్ట నిండుతుంది, అరగడానికి పొద్దు పడుతుంది. ఆ లోటా తాగి నాగలి పట్టినవాడు మధ్యాహ్నందాకా అదే బలంతో దున్నాలి. ఆ తిండి గురించి నాకు గౌరవం ఉంది గాని మోజు లేదు. దానిలో సగం వివేకం అయితే సగం లేమి. 1896-97 కరువు విశాఖపట్నం జిల్లానూ తాకింది. అంబలి కూడా చాలనంత పలచబడిన సంవత్సరాలు ఈ పల్లెలు చూశాయి. అప్పటివాళ్ళు సన్నగా ఉన్నారంటే అందులో ఆకలి వాటా కూడా ఉంది.

ఇప్పుడు అంకెలు చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల మిల్లు బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. చోళ్ళలో 67, సామల్లో 66, గంటెల్లో 62. కె.కోటపాడు పూర్వీకుల తిండి లో కార్బ్ తిండి అని ఎవరైనా అంటే ఈ వరస చూపిస్తే చాలు. వాళ్ళ శక్తిలో చాలా భాగం పిండిపదార్థం నుంచే వచ్చింది. తేడా వేరే చోట ఉంది. బియ్యంలో పీచు మూడు గ్రాములకు లోపు, చోళ్ళలో 11 గ్రాములు, గంటెల్లోనూ అంతే. చోళ్ళలో కాల్షియం 360 మిల్లీగ్రాములకు పైన, బియ్యంలో పది కూడా ఉండదు. ఉలవల్లో మాంసకృత్తులు దాదాపు 22 గ్రాములు. అంటే ఆనాటి గింజ నెమ్మదిగా అరిగే గింజ, ఆనాటి పళ్ళెంలో గింజ పక్కన పప్పుకూ చోటు ఉండేది. చోడి జావ ఎంతైనా తాగొచ్చా అని బరువు తగ్గాలనుకునేవాళ్ళు తరచూ అడుగుతారు. జవాబు ఈ అంకెల్లోనే ఉంది. తాగకూడదు. మెత్తగా ఆడించిన పిండిని చిక్కగా కాచి బెల్లం వేసుకుని రెండు గ్లాసులు తాగితే చోడి అన్న పేరు తప్ప దాని మేలు మిగలదు. బెల్లం సంగతీ అంతే. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలో పెద్దవాటిలో ఒకటి, ఆ బెల్లం మీద మనకు అభిమానం ఉండటం సహజం. కాని 100 గ్రాముల బెల్లంలో పిండిపదార్థం 85 గ్రాముల దాకా ఉంటుంది, అదీ దాదాపు అంతా చక్కెరే. పంచదార మానేసి బెల్లానికి మారితే బరువు తగ్గదు. మాడుగుల హల్వా గోధుమపాలతో, నేతితో, పంచదారతో చేసేది, దాని మాట వేరే చెప్పక్కర్లేదు.

అన్నం మానేయడం పరదేశపు పిచ్చి అని కొట్టిపారేసేవాళ్ళకు కూడా చరిత్ర ఒక జవాబు చెబుతుంది. పాశ్చాత్య దేశాల్లో ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు విలియం బాంటింగ్, లండన్‌లో శవసంస్కారాల ఏర్పాట్లు చూసే వ్యాపారి. విలియం హార్వే అనే వైద్యుడి సలహా మీద రొట్టె, పంచదార, బీరు, బంగాళాదుంప మాని దాదాపు 21 కిలోలు తగ్గి, 1863లో ఆ వివరాలతో చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆ తరవాత 1972లో అమెరికాలో రాబర్ట్ అట్కిన్స్ పుస్తకం వచ్చింది. ఇదంతా నిజమే. అయితే వీటన్నిటికీ ఎన్నో శతాబ్దాల ముందే చరకసంహిత సూత్రస్థానం ఇరవై ఒకటో అధ్యాయం స్థూలకాయం గురించి వివరంగా మాట్లాడింది. లావైనవాడికి బరువుగా ఉండి పుష్టినివ్వని ఆహారం పెట్టాలంది. యవలు, కొర్రలు, శ్యామాకం, అరికలు, జొన్నలు, పెసలు, ఉలవలు, కందులు అని పేర్లు చెప్పింది. ఆ జాబితాను కోటపాడు గరువుల పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వైద్యుడు ధనవంతుడికి మందుగా రాసినది ఇక్కడి పేదవాడి రోజువారీ కూడు. ఇక్కడో హెచ్చరిక కూడా ఉంది. పుష్టినివ్వని ఆహారమని వైద్యశాస్త్రమే చెప్పినదాన్ని, ఒళ్ళొంచి పనిచేసే వాళ్ళు జీవితమంతా తిన్నారు. అది వాళ్ళ ఎంపిక అని నేను రాయలేను.

వరి ఈ సీమలోకి కొత్తగా రాలేదు, పాలిష్ పట్టిన వరి కొత్తగా వచ్చింది. రోకటితో దంచిన బియ్యానికి తవుడు పొర కొంత అంటుకునే ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో కోస్తాలో హల్లర్ మిల్లులు పెరిగాయి. ఆడవాళ్ళ రెక్కలకు రోకటి పోటు తప్పింది, అది చిన్న మేలు కాదు. కాని ఆ మిల్లు తవుడుతోపాటు బి విటమిన్లనూ ఊడ్చేసింది. జావాలో క్రిస్టియాన్ ఐక్మాన్ 1890లలోనే కోళ్ళ మీద చూపించిన సంగతి ఇక్కడ మనుషుల మీద కనిపించింది. విశాఖపట్నం జిల్లా భాగంగా ఉన్న ఉత్తర సర్కారులు మద్రాసు రాజధానిలో బెరిబెరి జబ్బుకు పేరుమోసిన ప్రాంతం. కూనూరు పోషకాహార పరిశోధనాలయం నుంచి రాబర్ట్ మెకారిసన్, ఆ తరవాత వాలెస్ అయ్‌క్రాయిడ్ ఈ సమస్యను పరిశీలించారు. ఉప్పుడు బియ్యం తినే చోట్ల లేని జబ్బు పచ్చిబియ్యం మిల్లుపట్టి తినే సర్కారుల్లో ఎందుకుందన్నది వాళ్ళ ప్రశ్న. వడ్లు ఉడకబెట్టినప్పుడు తవుడులోని విటమిన్ గింజలోకి ఇంకుతుందన్నది జవాబు. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు తరలి ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే తెల్లన్నం మీద ఫిర్యాదు నిన్నమొన్నటి వీడియోలతో పుట్టలేదు. వందేళ్ళ కిందటే ఈ కోస్తాలోనే శాస్త్రవేత్తలు ఆ ఫిర్యాదు రాసి పెట్టారు. అప్పటి గొడవ అన్నంలో ఏం పోయిందన్నది, ఇప్పటి గొడవ అన్నం ఎంత ఎక్కువైందన్నది.

మరి సిరిధాన్యాలకు తిరిగి వెళ్ళిపోతే సరిపోతుందా అంటే, అదే సంస్థ చరిత్రలో మరో ఉదాహరణ ఉంది. తెలంగాణలో జొన్న ఒక్కటే తిని బతికే పేద కూలీల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులూడే జబ్బు. కొలత్తూరు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో దానికి జొన్నలోని ల్యూసిన్‌కూ సంబంధం ఉందని ప్రతిపాదించారు. ఆ వివరణ మీద తరవాత చర్చలు నడిచాయి గాని, జబ్బు సోకినవాళ్ళ పళ్ళెంలో జొన్న తప్ప ఇంకేమీ లేదన్నది తిరుగులేని సంగతి. సర్కారుల్లో తెల్లన్నం ఒక్కటే తిన్నవాళ్ళకు బెరిబెరి, తెలంగాణలో జొన్నన్నం ఒక్కటే తిన్నవాళ్ళకు పెల్లాగ్రా. ఏ గింజనైనా పళ్ళెంలో ఒంటరిగా వదిలేసినప్పుడే దెబ్బ తగిలింది. అందుకే ఏ గింజ దేవుడు, ఏ గింజ దెయ్యం అన్న తగవులో నేను దిగను.

కోటపాడు చుట్టుపక్కల పళ్ళెం మారడానికి నేల మారడం మొదటి కారణం. అనకాపల్లిలో 1913లోనే చెరకు పరిశోధనా కేంద్రం వెలిసింది. ఏటికొప్పాకలో 1933లో సహకార పద్ధతిలో చక్కెర మిల్లు వచ్చింది. తరవాత గోవాడలో చోడవరం సహకార చక్కెర కర్మాగారం వచ్చింది. చెరకు పది పన్నెండు నెలలు నేలను పట్టుకుని కూర్చునే పంట. మొక్కతోట నరికాక ఆ మోళ్ళ నుంచే మళ్ళీ కార్సి తోట. ఆ చేలో ఇక చోడికీ కందికీ ఉలవకీ చోటెక్కడిది? చెరకు డబ్బు తెచ్చింది, పిల్లల చదువులు తెచ్చింది, డాబా ఇళ్ళు కట్టించింది. దాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. కాని ఇంటి తిండి ఇంటి పొలంలో పండడం ఆగి, కొనుక్కునేది అయింది. రైవాడ జలాశయం, కోనాం, పెద్దేరు జలాశయాలు వచ్చాక ఈ పరిసరాల్లో పల్లపు సాగుకు బలం పెరిగింది. కొత్త వరివంగడాలు దానికి తోడయ్యాయి. మార్టేరు నుంచి స్వర్ణ 1982లో, బాపట్ల నుంచి సాంబ మసూరి 1986లో వచ్చాయి. వరి కోసిన మళ్ళలో పెసరా మినుమూ చల్లే ఆనవాయితీ ఉత్తరాంధ్రలో బాగానే ఉంది. అయినా ఆ గింజ ఎక్కువగా అమ్మకానికే వెళుతుంది, వంటింటి డబ్బాలోకి కొంచెమే చేరుతుంది.

రెండో కారణం ధర. 1982 చివర కోట్ల విజయభాస్కర రెడ్డి ప్రభుత్వం కిలో రూపాయి తొంభై పైసల బియ్యం ప్రకటించింది. 1983 జనవరిలో అధికారంలోకి వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల పథకాన్ని మనిషికి ఐదు కిలోలు, కుటుంబానికి 25 కిలోలకు మించకుండా ఊరూరికీ తీసుకెళ్ళింది. 1996లో ధర మూడున్నర అయింది, 2008లో మళ్ళీ రెండు రూపాయలు, 2011లో రూపాయి. కోటా బియ్యం అన్న మాట పల్లెల్లో బియ్యానికి మారుపేరైపోయింది. చోళ్ళు ఎండబెట్టి, నూర్చి, చెరిగి, విసిరి, పులియబెట్టి కాచే శ్రమ ఒకవైపు, డిపోలో సంచి పట్టుకుని తెచ్చుకుని అరగంటలో దించే అన్నం ఒకవైపు. పొద్దున్నే కూలికి పోవలసిన ఆడమనిషి రెండోది ఎంచుకుంటే తప్పు పట్టే హక్కు ఎవరికుంది? ఈ పథకమే జనాన్ని షుగరు రోగులను చేసిందని కొందరు తేలిగ్గా అనేస్తుంటారు. ఆ మాట అన్యాయం. ఆకలితో పడుకునే ఇళ్ళకు వరన్నం చేర్చడం ఈ రాష్ట్ర చరిత్రలో జరిగిన గొప్ప పనుల్లో ఒకటి. పండక్కి మాత్రమే వరన్నం చూసిన ఇంట్లో రోజూ అది వడ్డించడంలో గౌరవం కూడా ఉంది. లోపం బియ్యం ఇవ్వడంలో లేదు, ఆకలి తీరిన తరవాత నలభై ఏళ్ళపాటు సంచిలో ఇంకేమీ పెద్దగా వెయ్యకపోవడంలో ఉంది.

మూడో కారణం అందరికీ తెలిసినదే గాని కొలిచి చూసుకునేవాళ్ళు తక్కువ. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం బరువైన పని చేసే మగవాడికి రోజుకు 3,470 కిలోక్యాలరీలు కావాలి. కూర్చుని పనిచేసేవాడికి 2,110 చాలు. తేడా 1,360. బియ్యంలోకి మారిస్తే దాదాపు 380 గ్రాములు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. తిరగలి పోయి మిక్సీ, నడక పోయి బైకూ ఆటోలూ వచ్చాయి. కొడుకు పరవాడ ఫార్మాసిటీలోనో అచ్యుతాపురం సెజ్‌లోనో షిఫ్టు పనికి వెళుతున్నాడు. పళ్ళెంలో అన్నం మాత్రం నాగలి పట్టినవాడి కొలతే. తాతలు కుప్పలుగా తిన్నా లావెక్కలేదు అన్న అభ్యంతరానికి ఇదే జవాబు. ఆ కుప్ప వాళ్ళ రెక్కల్లో కరిగింది. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే మనిషికి అందులోంచే 310 గ్రాముల పైచిలుకు పిండిపదార్థం వస్తుంది. లో కార్బ్ అని వైద్యులు మామూలుగా పిలిచేది రోజు మొత్తానికి 130 గ్రాముల లోపు, కీటో అంటే 50 లోపు. ఆ దూరం ఎంతో చూడండి. 310 నుంచి ఒక్క రోజులో 50కి దూకమని చెప్పడం, చాలామంది నెలా రెండు నెలల్లో వెనక్కి రావడం, పోయిన బరువు తిరిగి రావడం, ఇదే ఈ కొన్నేళ్ళుగా జరుగుతున్నది.

ఆ పద్ధతి పనిచెయ్యదని నేను అనడం లేదు. పిండిపదార్థం తగ్గిస్తే మొదటి ఆరునెలల్లో బరువూ రక్తంలో చక్కెరా తగ్గుతాయని చాలా పరిశోధనల్లో తేలింది. మొదటి వారంలో త్రాసు మీద తగ్గేది ఎక్కువగా నీరే, అది తెలిస్తే తరవాత నెమ్మదించినప్పుడు నిరాశ రాదు. అయితే ఏడాది దాటాక లెక్క మారుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండుగా చేసి, ఒకరికి కొవ్వు తగ్గించి, ఒకరికి పిండిపదార్థం తగ్గించి ఏడాది చూసింది. 2018లో వచ్చిన ఫలితం ఇది: మొదటివాళ్ళు సగటున 5.3 కిలోలు, రెండోవాళ్ళు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. రెండు గుంపులకూ చెప్పినది ఒకటుంది: పంచదార, మైదా తగ్గించండి, కూరగాయలు పెంచండి, ఇంట్లో వండుకోండి. మన దేశంలో 2021 నాటికి 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే 2023లో చెప్పింది. మనవాళ్ళ శక్తిలో అరవై శాతానికి పైగా పిండిపదార్థాల నుంచే వస్తోందని అదే సర్వే చూపింది. దాన్ని యాభై, యాభై అయిదు శాతానికి దించి మాంసకృత్తులు పెంచినా పెద్ద మేలు ఉంటుందని ఆ పరిశోధకుల లెక్క. అంటే అన్నాన్ని పూర్తిగా మానేయనక్కర్లేదు, పళ్ళెంలో దాని జాగా తగ్గిస్తే చాలు. అన్నం తగ్గిస్తే నీరసం రాదా అని భయపడేవాళ్ళు ఒకటి గమనించాలి. అన్నం తగ్గించి దాని బదులు ఏమీ తినకపోతే నీరసం తప్పకుండా వస్తుంది. గుడ్డో, చేపో, పప్పో, పెరుగో ఆ ఖాళీలోకి రావాలి. గ్లైసీమిక్ సూచిక తక్కువని పేరున్న తెలంగాణ సోనా వంటి బియ్యం తింటే సరిపోదా అనేవాళ్ళూ ఉన్నారు. చక్కెర కొంచెం నెమ్మదిగా ఎక్కుతుందేమో గాని కొలత తగ్గించకపోతే దానివల్ల బరువు తగ్గదు. ఇంకొక మాట మరీ ముఖ్యం. ఇన్సులిన్ వాడేవాళ్ళు, షుగరు మాత్రలు, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ వంటివి వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా అన్నం ఆపేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. గర్భిణులు, మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు ఈ ప్రయోగాల జోలికి సొంతంగా పోకూడదు.

చివరిగా మిగిలే అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. గుడ్లు, చేపలు, బాదంపప్పులు, కొబ్బరినూనె కొనుక్కునే స్తోమత ఎందరికుంది? ఇది పట్నంవాళ్ళ, డబ్బున్నవాళ్ళ ఆరోగ్యం కాదా? అవును, ఇవాళ ఉన్న ధరల్లో అది నిజమే. కాని ధర ఆకాశం నుంచి ఊడిపడదని ఈ ప్రాంతపు చరిత్రే చెబుతోంది. బియ్యం చౌక అయింది కాలవలు తవ్వినందువల్ల, మద్దతు ధరకు కొన్నందువల్ల, డిపోకు చేర్చినందువల్ల. అదే శ్రద్ధ పప్పుగింజల మీద పెట్టలేదు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాలు చూడండి. రెండు వేల కిలోక్యాలరీల పళ్ళెంలో గింజలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలన్నాయి. గింజల వాటా మొత్తం శక్తిలో 45 శాతం మించరాదన్నాయి. నలుగురున్న ఇంటికి ఆ లెక్కన నెలకు 30 కిలోల గింజలకు పది కిలోల పప్పు కావాలి, అంటే మూడింటికి ఒకటి. ఆ ఇంటికే కార్డు మీద వచ్చేది ఇరవై కిలోల బియ్యం, కందిపప్పు ఇచ్చే నెలల్లో ఒక కిలో. ఇరవైకి ఒకటి. కంది సాళ్ళున్న పాత గరువు పొలం ఈ లెక్కకు ఎంతో కొంత దగ్గరగా ఉండేది. కొత్త రేషను సంచి చాలా దూరంగా ఉంది. 2023 మార్చిలో ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలైంది. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013 చిరుధాన్యాలను కూడా కార్డు మీద ఇవ్వడానికి వీలు కల్పించింది. దారి లేకపోలేదు.

కాబట్టి కోటపాడు, చోడవరం, మాడుగుల ప్రాంతాల పాఠకులకు నా విన్నపం రెండు భాగాలు. ఇంట్లో రాత్రిపూట అన్నం కొలత ముందుగా తగ్గించి, ఆ జాగాలో పప్పు, ఉలవచారు, ఆకుకూర, గుడ్డు పెంచండి. మూడు నెలలు చూసి, తరవాత పగటి అన్నం సంగతి చూడండి. రెండోది, ఈసారి గ్రామసభ పెట్టినప్పుడు డిపోలో బియ్యం కొంత తగ్గించి అయినా సరే కందిపప్పు నెలకు నాలుగు కిలోలు, ఉలవలు రెండు కిలోలు, చోళ్ళు అడిగినవాళ్ళకు అడిగినన్ని ఇవ్వాలని తీర్మానం రాయించండి. ఆ కందులూ ఉలవలూ ఇక్కడి గరువుల నుంచే మద్దతు ధరకు కొనాలని కూడా అందులో చేర్చండి.